పావుగంట పరీక్ష... రెండు రోజుల గడువు

పిల్లాడికి ఒళ్లు కాలిపోతోంది. దగ్గు, ముక్కు కారడం, ఒళ్లునొప్పులు. మార్కాపురంలోనైనా గిద్దలూరులోనైనా ఇలాంటప్పుడు పెద్దవాళ్లు ముందు అడిగేది ఒక్కటే... 'టైఫాయిడ్ పరీక్ష చేయించారా?' అని. వానాకాలమైతే డెంగీ, నల్లమల అంచు పల్లెల్లో అయితే మలేరియా. ఫ్లూ పేరు మాత్రం చివర్లో గానీ గుర్తుకురాదు. పలకల దుమ్ములో పనిచేసే వాళ్ల ఇళ్లలో దగ్గు కొత్తేమీ కాదు కదా!

కానీ ఫ్లూకి ఓ గడువుంది. దానికి వాడే ఒసెల్టామివిర్ మందు జబ్బు లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు వేస్తేనే బాగా పనిచేస్తుంది. పరిస్థితి తీవ్రంగా ఉన్న పిల్లలకు ఆ తర్వాతైనా ఇస్తారు, అది వేరే సంగతి. పశ్చిమ ప్రకాశంలో ఆ రెండు రోజులూ ఇట్టే గడిచిపోతాయి. ఒకరోజు ఇంట్లో ఉన్న సిరప్‌తో, ఇంకోరోజు ఊళ్లో ఆర్‌ఎంపీ ఇంజెక్షన్‌తో. మూడోరోజు ఒంగోలు ప్రయాణం. మార్కాపురం నుంచి అది దాదాపు వంద కిలోమీటర్లు. గిద్దలూరు వాళ్లకైతే నల్లమల దాటి వెళ్లే నంద్యాలే దగ్గర.

ఆలస్యం ఎంత పని చేస్తుందో 2009లో దేశమంతా చూసింది. ఆ ఏడాది మే నెలలో స్వైన్‌ఫ్లూ తొలి కేసు బయటపడింది హైదరాబాద్‌లోనే, అమెరికా నుంచి వచ్చిన ఓ యువకుడిలో. ఆగస్టు 3న పుణెలో 14 ఏళ్ల బాలిక చనిపోయింది. దేశంలో అదే తొలి మరణం. మొదట మామూలు జలుబూ జ్వరమే అనుకున్నారు. అసలు సంగతి తేలేసరికి పరిస్థితి చేయిదాటిపోయింది.

ఎమర్జెన్సీలో ర్యాపిడ్ పరీక్ష అక్కరకొచ్చేది ఇందుకే. ముక్కులో పుల్ల పెట్టి తిప్పడం, కిట్ మీద గీత కోసం చూడటం... కొవిడ్ చూసినవాళ్లకు కొత్తగా చెప్పాలా! పావుగంటలో ఫలితం.

చిక్కల్లా దాన్ని ఎంతవరకు నమ్మాలన్నదే. ఫ్లూ ఉన్న వందమందిలో మామూలు యాంటిజెన్ కిట్ పట్టుకునేది 50 నుంచి 70 మందినే. ఫ్లూ సీజన్లో పాజిటివ్ వస్తే దాదాపు నమ్మొచ్చు. నెగెటివ్ వచ్చిందని మాత్రం నిశ్చింతగా ఇంటికెళ్లిపోకూడదు. జన్యుపదార్థాన్ని వెతికే కొత్త ర్యాపిడ్ పరీక్షలు 90 మందికి పైగా పట్టుకుంటాయి, కాకపోతే ఖరీదెక్కువ. అందుకే బిడ్డ పరిస్థితి బాగోలేనప్పుడు, ఫ్లూ అనిపిస్తే, డాక్టర్లు ఫలితం కోసం ఆగకుండానే మందు మొదలుపెడతారు.

ఎమర్జెన్సీకి వచ్చిన పిల్లల మీద జరిగిన పరిశోధనలను 2014లో కొక్రేన్ సంస్థ సమీక్షించింది. ఇలాంటి సత్వర పరీక్షల వల్ల ఛాతీ ఎక్స్‌రేలు తగ్గాయని తేలింది. యాంటీబయాటిక్స్ వాడకం తగ్గినట్టు మాత్రం గట్టిగా రుజువు కాలేదు. యాంటీబయాటిక్ రాయకపోతే డాక్టరు సరిగ్గా చూడలేదనుకునే మన దగ్గర అదెంతవరకు తగ్గుతుందో చూడాలి!

ఏ కిట్టూ లేని ఊళ్లో తల్లి కళ్లే పరీక్ష. ఏడాది నిండిన అయిదేళ్లలోపు బిడ్డ నిమిషానికి 40 సార్లు, రెండు నెలలు నిండిన ఏడాదిలోపు బిడ్డ 50 సార్లు, ఆపైన ఊపిరి తీస్తున్నా, డొక్కలు లోపలికి పోతున్నా, పాలు, నీళ్లు తాగలేకపోతున్నా, మగతగా పడుకుని లేవకపోయినా, ఫిట్స్ వచ్చినా తెల్లారేదాకా ఆగకూడదు. 108కి ఫోన్ చేయాల్సిందే. జ్వరానికి పారాసిటమాల్ చాలు. పిల్లలకు ఆస్పిరిన్ మాత్రం వద్దు. ఫ్లూలో అది మెదడును, కాలేయాన్ని దెబ్బతీసే రేస్ సిండ్రోమ్‌కి దారితీయొచ్చు.

ఫ్లూకి టీకా కూడా ఉంది. ఆరు నెలలు నిండినప్పటి నుంచి ఏటా వేయించాలి. తొమ్మిదేళ్లలోపు పిల్లలకు మొదటిసారి అయితే నాలుగు వారాల తేడాతో రెండు డోసులు. ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల్లో ఇది లేదు కాబట్టి పిల్లల డాక్టర్ని మనమే అడగాలి.