యాప్ కంటే ముందు ఫ్రిజ్
ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024 నివేదిక అంచనా ప్రకారం మన దేశంలో ఇళ్లలోనే మనిషికి ఏటా 55 కిలోల ఆహారం చెత్తబుట్ట పాలవుతోంది. నలుగురున్న ఇంటికి 220 కిలోలు. పాతిక కిలోల బియ్యం బస్తాలు దాదాపు తొమ్మిది. అందులో తొక్కలు, ఎముకలు కూడా ఉన్నాయి, నిజమే. అవి తీసేసినా బాధపడాల్సిన లెక్కే. కంచంలో మెతుకులు వదిలారని పిల్లల్ని కోప్పడతాం గానీ, నష్టం కొనేటప్పుడే మొదలవుతోందని నా నమ్మకం. యాప్‌లో డెలివరీ ఛార్జీ తప్పించుకోవడానికి అక్కర్లేని పెరుగు ప్యాకెట్ కలుపుతాం. రైతుబజారులో చవగ్గా ఉన్నాయని తోటకూర, గోంగూర, పాలకూర నాలుగేసి కట్టలు తెస్తాం. మూడో రోజుకి అవి ఫ్రిజ్ అడుగున కుళ్లి నీరు కారుతుంటాయి. పోయింది పది రూపాయల కట్టే అనుకుంటాం. దాని వెనక తెల్లవారకముందే కోసి, మూటగట్టి, బస్సెక్కించి తెచ్చిన రైతు కష్టం ఉంది. నెలవారీ సరుకుల చీటీ పప్పులకీ నూనెకీ సరే, కూరగాయలకు పనికిరాదు. ఫ్రిజ్‌లో ఏముందో చూసుకుని, రెండు రోజులకోసారి పావుకిలో, అరకిలో కొంటే చాలు. రాత్రి మిగిలిన అన్నం పొద్దున్నే పులిహోరో, పెరుగూ ఉల్లిపాయతో చద్దన్నమో అయితే, ఆ పూటకి ఇడ్లీ పిండి ప్యాకెట్ కొనే పనే ఉండదు.