ఏఎంటీ కారుకి షిఫ్ట్ కిట్టా?

మొన్న మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, గేరు మారేటప్పుడు కారు ఆగినట్టయి ఊగుతోంది. టౌన్లో ఒకాయన షిఫ్ట్ కిట్ వేస్తే గేర్లు టకటకా పడతాయంటున్నాడు, వేయించనా?" వద్దన్నాను. మనలో చాలామందికి ఇవే కార్లు కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

షిఫ్ట్ కిట్ అబద్ధమేం కాదు. అమెరికాలో టర్బో 400 లాంటి పాత ఆటోమేటిక్ గేర్‌బాక్సులకి ఎప్పట్నుంచో వేస్తున్నారు. వాటిలో గేర్లు మార్చేది ఆయిల్ ప్రెషరు. వాల్వ్ బాడీలో స్ప్రింగులు మార్చి, ప్లేటు రంధ్రాలు కాస్త పెద్దవి చేస్తే ఆయిల్ తొందరగా వెళ్ళి క్లచ్చు ప్లేట్లు గట్టిగా పట్టుకుంటాయి. కంపెనీవాళ్ళు మెత్తగా ఉండాలని వాటిని కాసేపు జారనిస్తారు. ఆ జారుడుతోనే వేడి. ట్రాక్టర్‌ని హాఫ్ క్లచ్చులో నడిపితే మాడు వాసన రాదూ, అదే లెక్క. అందుకే బరువు లాగేవాళ్ళు ఆ కిట్ వేయించుకుంటారు.

కానీ మన దగ్గర 2014లో సెలెరియోతో మొదలైన ఏఎంటీ వేరు. లోపల మామూలు గేర్‌బాక్సే. క్లచ్చు తొక్కే కాలు, గేరు వేసే చెయ్యి బదులు మోటార్లో పంపో పెట్టారంతే. ఆ వాల్వ్ బాడీయే లేదు, మరి ఆయన కిట్ దేనికి వేస్తాడు?

గేరు మారేటప్పుడు యాక్సిలరేటర్ కాస్త వదలండి, ఊపు తగ్గుతుంది. ఓవర్‌టేక్‌కి మాన్యువల్‌లో పెట్టుకోండి. గట్టు ఎక్కి ఆగితే బ్రేకు మీదే ఉంచండి, యాక్సిలరేటర్‌తో నిలబెట్టారో క్లచ్చు అయిపోయినట్టే. అప్పటికీ ఊగితే సర్వీసులో క్లచ్చు సెట్టింగ్ మళ్ళీ నేర్పించమనండి.

మావాడు సోమవారం తీసుకెళ్తానన్నాడు. ఇప్పుడు ఫోన్ ఎత్తట్లేదు.