ప్రార్థన మనది, తీర్మానం వాళ్లది

మొన్న డిసెంబరులో మద్రాసు వెళ్లాను. చెన్నై అనాలి గాని పాత పేరే నోటికొస్తుంది. ధనుర్మాసం. ఆ నెలంతా ఆ ఊరికి పాటే లోకం. తెల్లవారకముందే మైలాపూరు వీధుల్లో తిరుప్పావై, మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా సభల్లో కచేరీలు, కచేరీకీ కచేరీకీ మధ్య క్యాంటీనులో కాఫీ తాగుతూ రాగాల మీద వాదనలు. 2017లో యునెస్కో ఆ ఊరిని సంగీత నగరాల జాబితాలో చేర్చిందంటే ఆశ్చర్యం లేదు. నేను వెళ్లింది మాత్రం కచేరీ వినడానికి కాదు. ఒక సేవా క్లబ్బు వార్షిక మహాసభలో ‘మహిళా సాధికారత’ గురించి పదిహేను నిమిషాలు మాట్లాడమని పిలిస్తే వెళ్లాను. ఆ క్లబ్బు పేరు ఇక్కడ అనవసరం. మన ఊళ్లలో ఉన్న ఇలాంటి క్లబ్బుల్లో దేనికి వెళ్లినా మీకూ ఇంచుమించు ఇదే కనిపిస్తుంది.

పెద్ద హోటల్లో సభ. గుమ్మం దగ్గర పట్టుచీరలు కట్టుకున్న ఆడపిల్లలు పన్నీరు చల్లి, చందనం ఇచ్చి, గులాబీలు అందిస్తున్నారు. వాళ్లు సభ్యులు కారు, అందుకోసమే ఏదో కాలేజీ నుంచి పిలిపించిన విద్యార్థినులు. వేదిక మీద పదకొండు కుర్చీలుంటే ఒక్కదాంట్లోనే స్త్రీ. ఆమె పని వందన సమర్పణ. సభ్యుల బ్యాడ్జీల మీద పేరు, వృత్తి, ఊరు ఉన్నాయి. వాళ్లతో వచ్చిన భార్యల బ్యాడ్జీల మీద ‘శ్రీమతి’ అని రాసి పక్కన భర్త పేరు ఉంది. కార్యక్రమాల కాగితం చూస్తే భర్తలకి బడ్జెట్టు, ప్రాజెక్టులు, ఎన్నికలు. భార్యలకి వంటల పోటీ, మెహందీ, చీరలు కొనుక్కోవడానికి టీ నగర్ వెళ్లే బస్సు.

సభ ప్రార్థనతో మొదలయింది. యాభై ఏళ్లు దాటిన ఒకామె త్యాగరాజ కీర్తన పాడింది. పక్కన శ్రుతిపెట్టె తప్ప ఏ వాద్యమూ లేదు. అప్పటిదాకా సెల్‌ఫోన్లలో మాట్లాడుతున్నవాళ్లు కూడా నోరు మూసుకుని విన్నారు. భోజనాల దగ్గర ఆమెని పలకరించాను. పద్నాలుగేళ్లు సంగీతం నేర్చుకుందట. పెళ్లయ్యాక కచేరీలు ఆగిపోయాయి. “ఇక్కడ ఇరవై ఏళ్ల నుంచీ ప్రార్థన నాదేనండీ. పాడటం అవగానే మైకు ఇచ్చేసి కిందికి దిగిపోతాను. ఆ మైకులో ఇంకో మాట మాట్లాడిన జ్ఞాపకం లేదు” అంది నవ్వుతూ. మీరు సభ్యులేనా అని అడిగాను. “మావారు మెంబరండీ” అంది.

పెద్దల పరిచయాలు సాగి సాగి, నా పదిహేను నిమిషాలు ఏడు నిమిషాలయ్యాయి. అయిదో నిమిషానికే ముగించమని చీటీ వచ్చింది. నా తర్వాత మాట్లాడిన పెద్దాయన “మా క్లబ్బుల్లోకి ఆడవాళ్లని మేమెప్పుడో చేర్చుకున్నాం” అన్నారు. ఎలా చేర్చుకున్నారో చెప్పలేదు. అది మనం తెలుసుకోవలసిన కథ.

రోటరీ 1905లోనూ, లయన్స్ 1917లోనూ పుట్టాయి. దశాబ్దాల తరబడి రెండూ మగవాళ్ల క్లబ్బులే. 1925లో అమెరికాలోని సీడార్ పాయింట్‌లో జరిగిన లయన్స్ మహాసభకి వెళ్లి, అంధుల పక్షాన నిలబడమని అడిగిన మనిషి హెలెన్ కెల్లర్. ఈనాటికీ మన ఊళ్లలో లయన్స్ కంటి శిబిరాలు జరుగుతున్నాయంటే ఆ పిలుపు చలవే. సంస్థకి ఇంత పెద్ద పని చూపించింది ఒక స్త్రీ అయితే, స్త్రీలకి సభ్యత్వం దొరికింది 62 ఏళ్ల తర్వాత, 1987లో.

రోటరీది ఇంకో కథ. 1977లో కాలిఫోర్నియాలోని డువార్టే అనే చిన్న ఊరి క్లబ్బు ముగ్గురు స్త్రీలని చేర్చుకుంది. మరుసటి ఏడాది కేంద్ర సంస్థ ఆ క్లబ్బు గుర్తింపునే రద్దు చేసింది. క్లబ్బు సభ్యులు తగ్గలేదు. బ్యాడ్జీ మీద ఇంటూ గుర్తు పెట్టుకు తిరిగారు, కోర్టుకెక్కారు. 1987 మే 4న అమెరికా సుప్రీంకోర్టు స్త్రీల పక్షాన తీర్పు చెప్పింది. ఇలాంటి క్లబ్బుల్లో వ్యాపార పరిచయాలు, నాయకత్వ శిక్షణ దొరుకుతాయి కాబట్టి, ఆడవాళ్లని బయట ఉంచడం వాళ్లకి నష్టం చేయడమేనని కోర్టు గుర్తించింది. 1989లో ప్రపంచమంతటా నియమావళి మారింది. రోటరీకి తొలి మహిళా అధ్యక్షురాలు, కెనడాకి చెందిన జెన్నిఫర్ జోన్స్, 2022లో గాని రాలేదు. అంటే 117 ఏళ్లు. తలుపు దానంతటది తెరుచుకోలేదు, ఎవరో తోస్తే తెరుచుకుంది.

ఆ సాయంత్రం బెంగుళూరు నాగరత్నమ్మ గుర్తుకొచ్చింది. ముద్దుపళని రాసిన ‘రాధికా సాంత్వనము’ను 1910లో పరిష్కరించి అచ్చువేయించి నిందలు పడ్డ నాగరత్నమ్మే. మద్రాసులో కచేరీలు చేసి సంపాదించిన డబ్బుని 1920లలో తిరువయ్యారులో త్యాగరాజు సమాధి మందిరానికి పెట్టింది. డబ్బు ఆమెది, శ్రమ ఆమెది, ఆరాధనోత్సవంలో పాడే హక్కు మాత్రం మగవాళ్లది. ఆమె దణ్ణం పెట్టుకుని ఇంటికి పోలేదు. ఆడవాళ్లని కూడగట్టి వేరే ఆరాధన నడిపింది. చివరికి వర్గాలన్నీ కలిసి ఒకే ఉత్సవం చేయక తప్పలేదు. అదే మద్రాసులో 1928లో పుట్టిన మ్యూజిక్ అకాడమీ ‘సంగీత కళానిధి’ బిరుదుని మొదటిసారి ఒక స్త్రీకి, ఎం.ఎస్. సుబ్బులక్ష్మికి, ఇచ్చింది 1968లో. సంగీతంలోనూ వేధింపులున్నాయని స్త్రీలు బయటపెట్టాక, 2018లో అదే అకాడమీ కొందరు కళాకారులని ఆ ఏటి ఉత్సవం నుంచి తప్పించింది. ఆడవాళ్ల గొంతుని ఇంతగా ఇష్టపడే ఊళ్లో కూడా, ఆ గొంతు పాట ఆపి మాట మొదలుపెడితే వినడానికి ఇంతకాలం పట్టింది.

రెండోరోజు కుట్టుమిషన్ల పంపిణీ. పాతికమంది స్త్రీలని గోడవారగా వరసలో కూర్చోబెట్టారు. అందులో ఒకమ్మాయి నా మాట విని తెలుగులో పలకరించింది. వాళ్లది రాయపురం. “ఏడింటికల్లా రమ్మన్నారక్కా. పన్నెండున్నరయింది. ఇవాళ్టి కూలి పోయినట్టే” అంది. మిషను పని వచ్చా అని అడిగాను. “ఎందుకు రాదక్కా, రెడీమేడ్ బట్టల కంపెనీలో ఆరేళ్లు చేశాను. సూపర్‌వైజరు చేతులు పడలేక మానేశాను” అంది. కంపెనీలో ఫిర్యాదుల కమిటీ లేదా అంటే “కమిటీయా? అదేంటి?” అని నా మొహంలోకి చూసింది. ఇంతలో ఆమె పేరు పిలిచారు. వేదిక మీద ఆరుగురు పెద్దలు మిషను మీద తలా ఒక చెయ్యి వేశారు. ఫొటో తీశారు.

ఆ హాల్లో ఫ్యాక్టరీలు, నర్సింగ్‌హోములు, కాలేజీలు ఉన్నవాళ్లు వందమందికి తక్కువుండరు. పదిమంది గాని అంతకన్నా ఎక్కువ గాని పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెప్తోంది. అది వేసి ఉంటే ఆ అమ్మాయి ఉద్యోగం పోయేది కాదేమో, ఇవాళ మిషను కోసం చెయ్యి చాచవలసిన అవసరం వచ్చేది కాదేమో. హక్కు ఎగ్గొట్టిన చోటే దానం మొదలవుతోందా అని అనుమానం వస్తుంది.

ఈ క్లబ్బులు చేసిన మంచిని తీసిపారెయ్యలేం. పోలియో నిర్మూలనలో రోటరీ పాత్ర పెద్దది. 2011 జనవరి తర్వాత మన దేశంలో సహజ పోలియో వైరస్ కేసు రాలేదు, 2014లో పోలియోరహితమని ప్రకటించారు. కాని ఇల్లిల్లూ తిరిగి చుక్కలు వేసింది అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలు. ఉన్నవాళ్లు ఆదివారం పూట చేస్తే సేవ అని సన్మానిస్తారు. లేనివాళ్లు రోజంతా చేసినా సేవ అనే పేరు పెట్టి జీతం ఎగ్గొడతారు, చేతిలో పెట్టేది పారితోషికం. అంగన్‌వాడీ వాళ్లకి గ్రాట్యుటీ హక్కు ఉందని చెప్పడానికి కూడా 2022లో సుప్రీంకోర్టు కావలసివచ్చింది.

తిరిగి వచ్చేముందు మా కేంద్రానికి పది మిషన్లు ఇస్తామన్నారు. మేం ఒక సభ పెట్టాలి, తీసుకునే స్త్రీలు వేదిక మీదికి రావాలి, ఇదీ షరతు. మా కమిటీలో రెండు గంటలు వాదించుకున్నాం. “మిషన్లు వద్దనే హక్కు మనకెక్కడిది, కావలసింది వాళ్లకి కదా” అన్నారు కొందరు. ఫొటో కోసం నిలబెట్టిన మనిషి రేపు ఆ పెద్దమనిషి ఫ్యాక్టరీ గేటు ముందు ఎలా నిలబడుతుందన్నారు మరికొందరు. చివరికి ఆ స్త్రీలనే కూర్చోబెట్టి అడిగాం. మిషన్లు కావాలన్నారు, ఫొటోలు వద్దన్నారు. అదే ఉత్తరంగా రాశాం. మిషన్లతో పాటు ఇంకో మూడు అడిగాం. సభ్యులందరూ తమ సంస్థల్లో అంతర్గత కమిటీ వేసి పేర్లు గోడకి అంటించాలి. యాభైమందో అంతకన్నా ఎక్కువో పనిచేసే చోట చట్టప్రకారం పిల్లల సంరక్షణ కేంద్రం పెట్టాలి. స్త్రీల కోసం ఏ ప్రాజెక్టు తలపెట్టినా ఆ స్త్రీలనే ముందు అడగాలి. ఇది అచ్చుకి వెళ్లేదాకా జవాబు రాలేదు. మిషన్లూ రాలేదు.

మీ ఊళ్లోనూ ఇలాంటి క్లబ్బులుంటాయి. వాళ్ల సహాయం మీరూ తీసుకుని ఉంటారు, తిరస్కరించి ఉంటారు. ఏ షరతు మీద తీసుకున్నారో, ఎక్కడ కాదన్నారో రాయండి, వచ్చే సంచికలో వేస్తాం. ఈసారి ఉపన్యాసానికి పిలిస్తే వెళ్లండి. ఏడు నిమిషాలే ఇచ్చినా, మీ సంస్థలో కమిటీ ఉందా అని ఒక్క ప్రశ్న అడిగి రండి. ప్రార్థన పాడిన ఆమె ఈ పత్రిక చదువుతానని చిరునామా తీసుకుంది. ఈ సంచిక ఆమెకీ పంపుతున్నాం.