ఉలికిపాటుకు సాక్ష్యం అక్కర్లేదు

2024 డిసెంబరు 4 పొద్దున ఏడున్నర కావస్తుండగా ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించింది. హైదరాబాద్, విజయవాడల్లోనూ జనం ఇళ్లలోంచి బయటికొచ్చారు. కాసేపటికే సీసీ కెమెరా దృశ్యాలు ఫోన్లకెక్కాయి. ఎక్కడ భూమి కదిలినా ఇలాంటి వీడియోల కింద తీర్పులు తయారుగా ఉంటాయి: ‘పెళ్లాం పిల్లల్ని వదిలేసి ఎలా ఉరికాడో చూడండి!’

ఆ మొదటి క్షణాన్ని బట్టి మనిషిని తూచడం అన్యాయం.

ఉలికిపాటు బుద్ధిని అడిగి రాదు. లండన్ జంతుప్రదర్శనశాలలో డార్విన్ విషసర్పం ఉన్న అద్దానికి మొహం దగ్గరగా పెట్టి, అది మీదికొచ్చినా కదలకూడదని గట్టిగా అనుకున్నాడు. పాము అద్దాన్ని కాటేసేసరికి ఒకటి రెండు గజాల దూరం వెనక్కి గెంతాడు. మధ్యలో అద్దం ఉందని తెలియక కాదు. ఈ సంగతి 1872లో తనే రాసుకున్నాడు. తర్వాత ల్యాండిస్, హంట్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు పిస్తోలు పేల్చి, అతివేగంగా తీసే కెమెరాతో మనుషుల్ని చిత్రించారు. కళ్లు మూతపడటం, మెడ ముందుకు రావడం, భుజాలు ముడుచుకోవడం, అంతా రెప్పపాటులోనే. తుపాకీ చప్పుడు అలవాటైన వాళ్లకీ రెప్ప పడింది. పసిబిడ్డ చప్పుడుకు చేతులు బార్లా చాపితే మనం దిష్టి తీస్తాం గానీ, అది ఆ వయసులో ఉండాల్సిన లక్షణమే.

సాధనతో మారేది ఆ తర్వాతి అడుగు. 2025 మార్చిలో మయన్మార్ భూకంపానికి సరిహద్దు అవతల చైనాలోని రుయిలీలో ఆసుపత్రి గది ఊగిపోతుంటే, నర్సులు పసికందుల తొట్లు వదలకుండా పట్టుకున్నారు. వాళ్లకైనా గుండె ఝల్లుమనే ఉంటుంది.

ఇక మన ఇళ్ల సంగతి. అమెరికాలో ఉన్న కొడుకు గుంటూరులోని తల్లి కోసం హాల్లో టీవీ పైన కెమెరా పెట్టిస్తాడు, పడిపోతే తెలుస్తుందని. ఆ బెంగ నిజమైనదే. కానీ తలుపు దభాలున పడినప్పుడు ఆవిడ అదిరిపడి కాఫీ గ్లాసు వదిలేయడం కూడా అందులో పడుతుంది. మనవడు ఆ ముక్క కత్తిరించి, నవ్వే బొమ్మలు తగిలించి, చుట్టాల గ్రూపులో వేస్తాడు. మర్నాడు ఆవిడ కెమెరా మీద తువ్వాలు కప్పుతుంది. ‘కెమెరా పనిచేయట్లేదేంటమ్మా?’ అని అక్కణ్నుంచి ఫోను. ఆవిడ ఏం చెబుతుంది పాపం!

పనమ్మాయి పరిస్థితి ఇంకా కష్టం. వెనక నుంచి ఎవరో గట్టిగా పిలిస్తే ఆమె బెదిరి తిరిగిన మొహం ఫుటేజీలో దొంగ మొహంలా కనిపిస్తుంది. అదే సాక్ష్యమనుకునే యజమానులున్నారు.

చట్టం కాపాడుతుందనుకుంటే, 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సొంత, ఇంటి అవసరాలకు వర్తించదు. పోనీ ఆ దృశ్యాలు మన దగ్గరే ఉంటాయా అంటే అదీ లేదు. దక్షిణ కొరియాలో లక్షా ఇరవై వేల కెమెరాల్లోకి చొరబడ్డారని నలుగురిని పట్టుకున్నట్టు అక్కడి పోలీసులు 2025లో ప్రకటించారు. చాలావాటికి ఉన్నవి తేలిక పాస్‌వర్డులే.

కెమెరా కావాలంటే వీధి గుమ్మం వైపు తిప్పండి. హాల్లో తప్పదనుకుంటే అందులో పడే ప్రతి మనిషినీ ముందు అడగండి, పనమ్మాయితో సహా. డబ్బా మీద వచ్చిన పాస్‌వర్డు ఇవాళే మార్చేయండి. ఇంట్లో వాళ్ల ఉలికిపాటును మాత్రం ఏ గ్రూపులోనూ వేయకండి.