ఊ కొట్టడం రాని జపనీస్

జపనీస్ నేర్చుకుంటున్నామంటే మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "ఏ లెవెల్?" అని. రెజ్యూమేలో ఎన్3 అనో ఎన్2 అనో ఉంటే భాష వచ్చేసినట్టే లెక్క. ఈ జేఎల్‌పీటీ పరీక్ష 1984లో మొదలైంది, 2010లో ఐదు స్థాయిలైంది. ఇన్నేళ్ళలోనూ అందులో నోరు విప్పాల్సిన విభాగం ఒక్కటీ లేదు. చదవాలి, వినాలి, ఇచ్చిన జవాబుల్లోంచి ఒకటి ఎంచుకోవాలి. తప్పు పరీక్షది కాదు. అది కొలవనిదాన్ని కూడా కొలిచిందని నమ్మిస్తున్న కోచింగులది, నమ్ముతున్న మనది.

నా అసలు ఫిర్యాదు వేరే. మనకి జపనీస్‌ని ఇంగ్లీషు గుండా నేర్పుతున్నారు. "ఐ" అంటే "వతషి", "యూ" అంటే "అనత" అని మొదటిరోజే రాయిస్తారు. ఇక ప్రతి వాక్యమూ "వతషి వ" అనే మొదలవుతుంది. "నేను ఇంటికెళ్ళి, నేను అన్నం తిని, నేను పడుకున్నాను" అని తెలుగులో ఎవరైనా అంటారా? ఎదుటి మనిషిని "అనత" అనడం కన్నా పేరుకి "సాన్" చేర్చి పిలవడం అక్కడ మర్యాద. మాస్టారి మొహం చూస్తూనే "మాస్టారు ఎప్పుడొచ్చారు?" అనగలిగే మనకి ఇది కొత్తా?

"కినో కత్త హోన్" అంటే "నిన్న కొన్న పుస్తకం". మాటకి మాట అదే వరస. "ఇకు తో ఇత్త" అంటే "వెళ్తా అని అన్నాడు". ఆ "తో" మన "అని". ఇంగ్లీషులో ఈ వరస తిరగబడుతుంది. తెలుగుని ఇంగ్లీషులోకి ఒకసారి, ఇంగ్లీషుని జపనీస్‌లోకి ఇంకోసారి తిరగేసి, బయల్దేరిన చోటికే చేరుతున్నాం. ఈలోపు ఎదుటాయన ఇంకో విషయంలోకి వెళ్ళిపోతాడు.

తెలుగొస్తే చాలని అనను. "వ"కీ "గ"కీ ఉన్న తేడా దగ్గరా, తనని తగ్గించుకుని మాట్లాడే క్రియల దగ్గరా తెలుగు సాయం పెద్దగా అందదు. అక్కడ చెమటోడ్చాల్సిందే. ఆ ఓపికంతా ఊరికే వచ్చేదాని మీద ఖర్చు పెట్టిస్తున్నారనే నా కోపం.

పెద్ద నష్టం వినడం దగ్గరుంది. జపనీస్‌లో వినేవాళ్ళు ఊరుకోకూడదు. "హై", "సో దెసు నే" అంటూ ఉండాలి. దీన్ని ఐజుచి అంటారు. కొలిమి దగ్గర గురువు దెబ్బకీ దెబ్బకీ మధ్య శిష్యుడు వేసే సుత్తిదెబ్బ నుంచి వచ్చిన మాట అది. దానికి వాళ్ళు వాడే క్రియ "ఉత్సు", అంటే కొట్టడం. మనమూ ఊ కొడతాం కదా!

జపాన్ క్లయింట్ల కాల్స్‌లో కూర్చునే ఇంజనీరుగా నేను చూసేది ఇంకోటి. ఆయన చెప్తున్నంతసేపూ మనవాళ్ళు మర్యాద అనుకుని మౌనంగా ఉంటారు. ఆయన "మోషి మోషి, వినిపిస్తోందా?" అని కంగారు పడతాడు. ఫోన్లో ఊ కొట్టకపోతే ఇంట్లో అమ్మ "ఉన్నావా?" అనదూ? తీరా ఆయన "హై" అనగానే "యెస్" అన్నాడనుకుని, ఒప్పుకున్నట్టు మెయిల్ పెట్టేస్తారు. అది చాలాసార్లు "ఊఁ, వింటున్నా" మాత్రమే. ఆ తేడా రెండు వారాల పని తిరగరాయాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది.

సంభాషణ అభ్యాసం పేరుతో డైలాగులు బట్టీ పట్టించడం ఆపండి. ఇద్దరిని కూర్చోబెట్టండి. ఒకరు నిన్నేం చేశారో చెప్పాలి, రెండోవాళ్ళు ఊ కొడుతూ మధ్యలో ఒక ప్రశ్న వెయ్యాలి. తర్వాత మారాలి. మాట తట్టకపోతే తెలుగులో ఆలోచించుకోనివ్వండి. "వతషి" రెండోవారం నేర్పినా కొంప మునగదు.