గుత్తికోయల వలస, ఆశ్రయ హక్కు

గుత్తికోయలు ఛత్తీస్‌గఢ్‌లోని బస్తరు ప్రాంతము నుండి వలస వచ్చి గోదావరి పరిసర అడవులలో నివసించుచున్న ఆదివాసులు. సత్తుపల్లి దాటి చండ్రుగొండ మీదుగా భద్రాచలం వైపు సాగే అటవీ ప్రాంతములో వీరి గూడేలు ఉన్నవి. ప్రాణభయముతో వచ్చినవారిని ఏ ప్రాతిపదికపై గుర్తించవలెను అను ప్రశ్నకు వీరి స్థితి ముఖ్యమైన ఉదాహరణ.

శరణార్థి ఎవరు?

1951 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందము ప్రకారము జాతి, మతము, జాతీయత, సామాజిక వర్గము లేదా రాజకీయ అభిప్రాయము కారణముగా పీడింపబడుదునను సహేతుకమైన భయముతో స్వదేశము వెలుపల ఉన్న వ్యక్తి శరణార్థి. మత పీడన విషయములో పరిశీలన కష్టతరము. విశ్వాసమును కొలుచుటకు కొన్ని దేశాల అధికారులు మతగ్రంథములపై ప్రశ్నలు వేసెడివారు. లోతైన మతజ్ఞానము తప్పనిసరి కాదని ఐరాస శరణార్థుల సంస్థ 2004లో సూచించినది. గ్రంథమే లేని ఆదివాసి విశ్వాసములకు అటువంటి పరీక్ష బొత్తిగా పనికిరాదు.

భారతదేశము ఈ ఒప్పందముపై సంతకము చేయలేదు. హైదరాబాదు బాలాపూర్‌లోని రోహింగ్యాలకు ఆ సంస్థ కార్డులు ఇచ్చినను, అవి నివాస హక్కును ఇవ్వవు. 2019 పౌరసత్వ సవరణ చట్టము మూడు దేశాలను, ఆరు మతములను, 2014 డిసెంబరు 31 అను గడువును పేర్కొన్నది. అందులో వ్యక్తి భయమును విడిగా విచారించు పద్ధతి లేదు.

సరిహద్దు దాటని భయము

2005 జూన్‌లో బస్తరులో సల్వాజుడుం మొదలైనది. ఒకవైపు ఆ దళములు, భద్రతా బలగాలు, మరొకవైపు మావోయిస్టులు. నడుమ చిక్కిన అనేక గ్రామాలు ఖాళీ అయినవి. గిరిజన యువకులను ప్రత్యేక పోలీసులుగా నియమించి ఆయుధములు ఇచ్చుట రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జూలై 5న తీర్పు చెప్పినది. అప్పటికే వేలాదిమంది అడవి దారిన నాటి ఖమ్మం జిల్లాకు చేరియుండిరి. వీరు దాటినది రాష్ట్ర సరిహద్దు మాత్రమే కనుక అంతర్జాతీయ నిర్వచనము వీరికి వర్తించదు. 2022 డిసెంబరులో మతము మారినందుకు ఊళ్ళ నుండి తరుమబడి నారాయణపూర్ స్టేడియములో తలదాచుకొన్న బస్తరు క్రైస్తవ ఆదివాసులకూ వర్తించలేదు.

మిరప కోతలకు బస్తరు కూలీలు ఖమ్మం ప్రాంతమునకు వచ్చుట మామూలే. అందుచేత వీరిని కూలి కొరకు వచ్చినవారని త్రోసిపుచ్చుట సులభమైనది. కాని కూలి దొరకు చోటికి పారిపోయినంత మాత్రాన భయము అబద్ధము కాజాలదు.

గడువు, ధ్రువపత్రము

అటవీ హక్కుల చట్టము గడువు 2005 డిసెంబరు 13. సల్వాజుడుం మొదలై అప్పటికి ఆరు నెలలే. ఆ తరువాత వచ్చినవారి పోడు ఆక్రమణగానే లెక్కకు వచ్చినది. చట్టములోని 3(1)(ఎం) నిబంధన అక్రమముగా నిర్వాసితులైనవారికి ప్రత్యామ్నాయ భూమిని చెప్పుచున్నది గాని, అక్కడా అదే తేదీ. ఇక షెడ్యూల్డు తెగ హోదా రాష్ట్రము మారినచో వెంట రాదని మర్రి చంద్రశేఖరరావు కేసులో 1990లోనే తేలినది. భూమికైనా, ధ్రువపత్రమునకైనా ఎందుకు వచ్చితివని అడిగెడి గడి దరఖాస్తులో లేదు.

2022 నవంబరు 22న చండ్రుగొండ మండలములో పోడు వివాదమున ఒక అటవీ రేంజి అధికారి హత్యకు గురయ్యెను. పిమ్మట గుత్తికోయలను పంపివేయవలెనని బెండాలపాడు పంచాయతీ తీర్మానించినది. నేరము చేసినవానిని శిక్షించుట న్యాయము. శరణార్థి చట్టములోనైతే ఘోర నేరస్థునికి రక్షణ నిరాకరించవచ్చును, కాని ఆ నిర్ణయము కూడా వ్యక్తి వ్యక్తికి విడిగానే జరుగవలెను. గూడెము మొత్తమునకు కాదు.