తాళం పడిన కంప్యూటరులో తెలుగు

కలెక్టరుకు తెలుగులో విన్నపం సమర్పించే హక్కును రాజ్యాంగం 350వ అధికరణం మనకిచ్చినది. అయినను పురసవాక్కంలోని నా కార్యాలయానికి హోసూరు ప్రాంతం నుండి వచ్చే ముసాయిదాలు కొన్ని ఆంగ్లలిపిలో ఉంటున్నవి. వ్రాసిపెట్టే కుమారుడు సింగపూరులో ఉన్నాడు. ఆఫీసు కంప్యూటరులో భాష మార్చనివ్వరట! ఆంగ్లలిపిలోని తెలుగును తెలుగు విన్నపమేనని అధికారి ఎదుట వాదించడం కష్టం.

ఆ కుమారుని మాటలో సగమే నిజం. తెరపై కనిపించే భాషను మార్చడానికి నిర్వాహకుని అనుమతి కావలసి రావచ్చును. విండోస్‌లో తెలుగు కీబోర్డును చేర్చుకోవడం వేరు. సంస్థ ప్రత్యేకంగా నిషేధిస్తే తప్ప, ఎవరి ఖాతాలో వారే చేర్చుకోవచ్చును. తెర ఆంగ్లంలోనే ఉన్నా వ్రాత తెలుగులో సాగుతుంది.

అదీ మూసివేస్తే దొడ్డిదారులు వెదకవద్దు, ఉద్యోగానికే ముప్పు. 350వ అధికరణం సముద్రం దాటదు. అక్కడ యజమానిని కోరవలసినదే, అదీ వ్రాతపూర్వకంగా. ఈలోగా చేతిఫోనులో తెలుగులిపిలోనే టైపు చేసి పంపమని మీ పిల్లలకు చెప్పండి.